అంట్ల వంతు

మంగళవారం క్రేన్ బండి వస్తుంది.
అందుకని ఇవాళే
బస్సులోంచి కోళ్ళని బయటికి తోలాం.

యాభై మూడేళ్ళుగా కదలని బస్సు.
ఆపిల్ కొమ్మ ఒకటి వెనక కిటికీలోంచి లోపలికి పెరిగి
డ్రైవరు సీటు వైపు చూస్తోంది,
ఇంకెప్పుడు బయల్దేరతాం అన్నట్టు.
ఊదారంగు మీద మేం వేసిన సూర్యుడికి
ఇప్పుడు ముక్కొక్కటే మిగిలింది.

మెట్టెక్కడానికి ఎల్డన్‌కి రెండు చేతులూ కావాలి.
ఎక్కాక, హారన్ మీద అరచెయ్యి పెట్టి
కాసేపు అలాగే ఉన్నాడు.
అది మోగదని తెలుసు.
ఒకవేళ మోగితే ఏం చెయ్యాలో తెలీక కాబోలు,
నొక్కలేదు.

స్లోకన్ లోయలో ఆ ఏడు మంచు ముందే పడింది.
సరిహద్దు దాటి వచ్చినవాళ్ళం పదకొండు మందిమి.
నలుగురికి సైన్యం నుంచి పిలుపు,
ఒకడికి పిప్పిపన్ను,
నాకు మా నాన్న మీద కోపం.
యుద్ధం వద్దన్నాం, సొంతమనే మాట వద్దన్నాం,
దువ్వెన కూడా వద్దన్నాం.
మేక పాలు పితకడం ఒక్కరికీ రాదు.
అదే మామీద జాలిపడి కదలకుండా నిలబడేది.

టౌను కుర్రాళ్ళు ఎవరొచ్చినా
ఎల్డన్ ఆ పెద్ద పాటల జాతర గురించి చెబుతాడు.
వాన, బురద, కనుచూపు మేరా జనం.
మేం వెళ్ళలేదు.
ఆ మూడు రోజులూ ఐడహోలో ఒక షెడ్డు ముందు
రేడియేటరు కోసం కాచుకుని
పచ్చి మొక్కజొన్న నమిలాం.
నేనెప్పుడూ సరిదిద్దలేదు.
వాన మాత్రం నిజమే. ఐడహోలోనూ కురిసింది.

ఆసుపత్రిలో నర్సు నన్ను వెర్నా అని పిలుస్తుంది.
పింఛను కాగితాల్లోనూ వెర్నానే.
ఈ కొండల్లో నాకు జూనిపర్ అని పేరు పెట్టినవాడు
కాల్గరీ వెళ్ళి ఇన్సూరెన్సులు అమ్మి
రిటైరై, పోయాడు కూడా.
ఆ పేరు తెలిసినవాళ్ళు ఇక ముగ్గురు,
నాతో కలిపి.

వెనక సీటు కింద దొరికింది
ఎలకలు కొరికి వదిలేసిన అట్టముక్క.
చుట్టూ పొద్దుతిరుగుడు పూలు, నేను వేసినవే.
మధ్యలో అంట్ల వంతు.
సోమవారం జూనిపర్. మంగళవారం డెల్ఫీన్.
బుధవారం రోవెనా.
గురువారం మళ్ళీ జూనిపర్.
శుక్రవారం డెల్ఫీన్, నెలలు నిండాయి కనక సగమే.
శనివారం రోవెనా.
ఆదివారం గడిలో ఎవరో 'ప్రేమ' అని రాశారు.
ఆదివారం అంట్లు ఎవరు తోమేవారో
నాకు బాగా గుర్తుంది.

ఎల్డన్ కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.
"కట్టెలు మేం కొట్టేవాళ్ళం కదా" అన్నాడు.
కొట్టేవాళ్ళు.
"తెల్లవార్లూ విప్లవం గురించి మాట్లాడుకునేవాళ్ళం కదా."
మాట్లాడుకునేవాళ్ళు,
గిన్నెల చప్పుడు అడ్డురాకుండా
తలుపు కాస్త దగ్గరికి వేసుకుని.

ఇంతా చేసి నాకు కోపం రాలేదు.
అదే నా కోపం.
వచ్చిందల్లా
మోచేతుల దాకా ఏటి నీళ్ళ చలి,
బూడిద, ఇసక,
ఈల వేస్తూ మూకుడు మసి గోకే డెల్ఫీన్.
చుక్కలు ఎంత కిందికి ఉండేవంటే
ఒకటి జారి పళ్ళెంలో పడినా
దాన్నీ తోమి బోర్లించేవాళ్ళం.
తల్లులకి చెప్పని మాటలు ఆ ఒడ్డునే చెప్పుకున్నాం.
డెల్ఫీన్ పోయి ఆరేళ్ళు.
రోవెనా ఫోనులో నా గొంతు పోల్చుకుంటుంది,
ఒక్కోరోజు.

సాయంత్రం టీ తాగాక
ఎల్డన్ ఏమీ అనకుండా లేచి
రెండు కప్పులూ సింకు దగ్గరికి తీసుకెళ్ళాడు.
వంకర తిరిగిన వేళ్ళతో చాలాసేపు కడిగాడు.
అడుగున సబ్బు నురగ అలాగే ఉంది.
అతను పడుకున్నాక మళ్ళీ కడిగాను.

అట్టముక్కని ఫ్రిజ్ మీద అంటించాను.
ఇవాళ ఆదివారం.

బయట చీకట్లో కోళ్ళు ఇంకా
బస్సు చుట్టూ తిరుగుతున్నాయి,
తలుపెందుకు మూశారని.