శనివారం, ఇరవై నిమిషాలు

గ్రిమ్స్‌బీలో అన్నీ మూసేశారు,
చేపల ఫ్యాక్టరీ గేటు తప్ప.
ఇంట్లో కూర్చున్నా లోకానికి ఆకలేస్తుంది కదా.
ఆరింటి షిఫ్టు దిగొచ్చి
గుమ్మం బయటే బూట్లు విప్పి
మోచేతులదాకా సబ్బు రాసుకుంటాను.
ఎంత తోమినా చేప పోదు.
లోపల ఇద్దరు. మా అక్క పిల్లలు.

కోర్టు కాగితంలో నా పేరు పక్కన ఒకే మాట: బంధువు.
పరాయివాళ్ళు పెంచితే ఒక లెక్క,
సొంతవాళ్ళకి అంతకన్నా తక్కువ.
సర్దుకుంటాం అనుకున్నారు.
సర్దుకున్నాం,
ఒకే మంచం మీద ముగ్గురం, అడ్డంగా.

సూపర్‌మార్కెట్ దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.
ఒక్కరే లోపలికి.
వీళ్ళనెక్కడ వదలను, అన్నాను.
వాళ్ళమ్మ లేదా?
నేను నోరు తెరిచేలోపు టెగన్ చెప్పింది,
తొమ్మిదేళ్ళది, ముఖం తిప్పకుండా:
"ఉంది. ఫోన్లో ఉంటుంది."

అంతకుముందు శనివారాలు
కౌన్సిల్ వాళ్ళ గదిలో కలిసేవాళ్ళు.
అక్కడో బొమ్మ వంటిల్లు, ప్లాస్టిక్ గుడ్లు.
కోరీ రోజూ ఒకే గుడ్డు వేయించి జోలీన్‌కి పెట్టేవాడు,
అక్క కాలిందన్నట్టు నాలిక బయటపెట్టేది.
మార్చిలో ఆ గదికి తాళం.

ఇప్పుడు చక్కెర డబ్బాకి ఆనించిన ఫోను.
ఇరవై నిమిషాలు.
మూలన చిన్న చతురస్రంలో ఆఫీసు మనిషి,
గొంతు ఆపుకుని ఏదో రాసుకుంటూ.
కోరీ గంజి చెంచా అద్దానికి ఆనిస్తాడు.
సిగ్నల్ ఆగి అక్క నోరు తెరుచుకుని ఉండిపోతే
వీడూ నోరు తెరుచుకుని కాచుకుంటాడు.
తర్వాత నేను గుడ్డ తడిపి
అక్క గడ్డం మీది గంజి తుడుస్తాను.

టెగన్ ఫోను దగ్గరికి రాదు.
మెట్ల మీద కూర్చుని అంతా వింటుంది.
ఒక్కసారే అడిగింది, పళ్ళు తోముకుంటూ:
"నీకొస్తే మమ్మల్నెవరికిస్తారు?"
నాకు రాదు, అన్నాను.
ఆ రాత్రి దగ్గొస్తే
దిండు నోట్లో కుక్కుకున్నాను.
అది మేలుకునే ఉందని
ఊపిరిని బట్టి తెలుస్తూనే ఉంది.

విచారణ మూడుసార్లు వాయిదా పడ్డాక
ఆగస్టులో ఫోనొచ్చింది, పార్కులో కలవొచ్చని.
ముట్టుకోకూడదు, మధ్యలో రెండు మీటర్లు.
బెంచీ అవతల జోలీన్ లేచి నిలబడింది.
కోరీ నా కోటు వెనక్కి దూరాడు.
కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూసి
నా చెయ్యి లాగి గుట్టుగా చెప్పాడు:
"అమ్మకి కాళ్ళున్నాయి."

ఆమెకి వినిపించింది.
మాస్కు కింద నవ్విందో ఏమో తెలియలేదు,
బట్ట మాత్రం లోపలికీ బయటికీ కదిలింది.
టెగన్ రెండు మీటర్లనీ అడుగులతో కొలిచింది,
ఒకసారి అటు, ఒకసారి ఇటు,
రెండోసారి ఒక అడుగు తక్కువొచ్చింది.
నేను బాతుల్ని చూస్తున్నట్టు నటించాను.

ఇంటికొచ్చి చేతులు కడిగాక
కోరీ స్టూలెక్కి
చక్కెర డబ్బా దగ్గరి ఫోను తీసి
వెనక్కి తిప్పి చూశాడు,
ఇన్నాళ్ళూ ఆ కాళ్ళని
ఎక్కడ మడిచిపెట్టుకుందో అని.