నేల లెవెలు

రాజాంలో, సంత వీధి ఎనక,
కుట్టుమిషను సప్పుడు పట్టుకుని ఎల్తే ఆ ఇల్లు.
కాలితో తొక్కే మిషను కాదు, సేత్తో తిప్పేది.
కలిశెట్టి దమయంతి నేల మీదే కూకుంతాది,
నేల మీదే కత్తిరిస్తాది,
నేల మీదే గదిలోంచి గదిలోకి ఎల్తాది,
రెండు అరిసేతులూ ముందు, ఒళ్ళు ఎనక.

"సింహాద్రీ, పుష్యమాసంలో ఈ గచ్చు
సచ్చిన సేపలాగుంతాది.
పూసలు గుచ్చ పొద్దుండదంటారు,
నాకు బొత్తాలు కుట్ట ఏళ్ళు వొంగవు.
మీకు నేలంటే సెప్పు మోపే సోటు.
నాకు?"

టేపు తీసి కొలత పట్టినాను.
అప్పుడు సూసినాను, నడవ గుమ్మం కాడ
అడ్డంగా పైపు.
స్నానాలగదికెల్లేది,
క్లాంపులేసి, గచ్చుకి రెండంగుళాల ఎత్తున.
పనోడి తొందర తెలిసిపోతంది.
పైన రంగు పోయి నున్నగా ఉంది
రాపాడి, రాపాడి.

ఆ పైపేసింది నానే.
పదకొండేళ్ళయింది.
గోడ కొడితే రెండ్రోజులు, పైనించి లాగితే పూట పని.
మిగిలిన పూటకి సీపురుపల్లిలో పెళ్ళి.

ఆవిడేటీ అన్నేదు.
రోజుకి పదిసార్లనుకుంటే...
లెక్క కట్టబోయి మానీసినాను.

గచ్చు పగలగొట్టినాం, నానూ గవరమ్మా.
నాలుగంగుళాలు తవ్వి, ఇసక పరిసి, దిమ్మిస కొట్టి,
ప్లాస్టిక్ పట్టా. దాని మీద థర్మోకోల్.
కొట్టుకాడ శెట్టిగారు నవ్వీసినారు:
"వినాయకసవితి ఇంకా ఎనిమిది నెలలుంది కదరా,
మండపం ఎక్కడ?"
"నేలకి బాబూ."
"నేలకి దుప్పటా!"
అవును మరి.

మేడ మీద సోలారు ట్యాంకు నించి
ఏడినీళ్ళ గొట్టం దించి,
గోనె సుట్టి, పురికోస కట్టి, కాలవలో పెట్టినాం.
మూసే ముందు దమయంతి ఆగమంది.
బ్రౌను కాగితం పరిసి, జాకెట్టు ఆది గీసినట్టు
సుద్దతో గొట్టాన్ని గీసింది:
గుమ్మానికి జానెడు ఎడం, కిటికీ కింద మలుపు.
"రేపెవడో మేకు కొడతానంటే సూపించాలి కదా.
కుట్టు పైకి కనపడకూడదు,
కుట్టినోడికి తెలియాలి."

పైన ఎర్ర గచ్చు. టైల్సు వొద్దంది,
సేతులు జారతాయంది.
నా లెవెలు కర్రలో బుడగ నడిమికొచ్చి నిలబడింది.
దమయంతి అరిసెయ్యి ఆనించి,
"ఇక్కడ దిగింది" అంది.
మళ్ళీ సూసినాను.
నూలంత దిగింది.

కూలి లెక్కెట్టి, అయిదొందలు ఎనక్కి తీసుకుంది.
"పాత పైపు బాకీ."
నవ్వనేదు. కోపమూ నేదు.
మిగిలింది జేబులో ఎట్టుకున్నాను.

ఆ రేత్రి మా ఇంట్లో అందరూ పడుకున్నాక
నేల మీద కూకుని
అరిసేతులు ముందెట్టి జరిగినాను.
వంటింటి గడప కాడ ఆగిపోనాను.
మా ఆవిడ లైటేసి,
"ఏటి పోనాది?" అంది.
"లెవెలు సూస్తన్నాను" అన్నాను.