ఇరవై నాలుగో వంతు

ఇరవై నాలుగు అంకె నాకు కొత్త కాదు.
మా కొట్లో అది మేలిమి బంగారం లెక్క.
ఓబులేసు అంబాసిడర్‌ను
ఇరవై నాలుగింట ఒక వంతుకు కాగితం మీదికి దించితే
జానకు రెండు వేళ్ళు తక్కువొచ్చింది.
పద్నాలుగు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి.

ప్రొద్దుటూరికి ఇప్పుడు నగలు
పెట్టెల్లో వస్తున్నాయి, మిషన్ల మీద తయారై.
నా కుంపటికి మిగిలినవి
తెగిన గొలుసులు, ఊడిన కొండీలు, వదులైన మెట్టెలు.
మధ్యాహ్నాలు బోలెడు ఖాళీ.
అట్లా పట్టింది ఈ కార్ల పిచ్చి.
మొదట జీపు చేసినాను.
ఎదురుకొట్టు షెక్షావలి తిప్పి తిప్పి చూసి
"బాంబులు యాడ పెట్టినావు సామీ?" అన్నాడు.
ఇద్దరం నవ్వుకున్నాం.
సీమలో జీపు చేస్తే ఆ మాట పడాల్సిందే.

ఓబులేసు నవ్వలేదు.
జీపును అరచేతిలో పెట్టుకొని
ఒక చక్రం మెల్లగా తిప్పినాడు.
"నా బండి పాతసామాన్లలోకి పోయి ఆరేండ్లు.
చేస్తావా ఆచారీ?"
ఫోటో ఉందా అంటే
"నేనుండా గదా" అన్నాడు.

ఇత్తడి రేకు కాల్చి, చల్లార్చి,
చింతమొద్దు మీద వంపులు కొట్టినాను.
కమ్మచ్చులో లాగిన వెండితీగ ముందరి గ్రిల్లు.
ఎవరి కమ్మల్లోనో పొదగగా మిగిలిన రెండు కెంపులు
వెనక లైట్లు.
చొక్కా పెట్టె మూత కత్తిరిస్తే కిటికీ అద్దాలు.
ముందు దీపాలకు తెల్లరాళ్ళు పెట్టి మురిసిపోతుంటే
"ఎడమది ఎప్పుడూ మసకే" అన్నాడు.
ఎడమ రాయికి దీపప్పొగ పట్టించినాను.

రంగు దగ్గర ఓడిపోయినాను.
మే నెల.
గన్ను మూతి వదిలిన రంగు
రేకును తాకకముందే గాల్లో ఎండి
ఇసుక మాదిరి కూర్చునేది.
మూడుసార్లు గీకి పారేసినాను.
నాలుగోసారి తెల్లారుజామున,
వీధి ఊడ్చేవాళ్ళు రాకముందు,
ఫ్యాను ఆపి, ఊపిరి ఆపి,
పల్చగా ఒక పూత.
ఆరినాక ఇంకో పూత.
పైన గంప బోర్లించి
కొట్టు తాళం వేసుకొని ఇంటికి పోయినాను.
పొద్దెక్కి తీస్తే
మీగడ కట్టిన పాలు.
నేను చేసిన ఏ వడ్డాణమూ
నా వైపు అట్లా చూడలేదు.

ఓబులేసు వచ్చి, వంగి, చుట్టూ చూసి
"ఎవరిదిది?" అన్నాడు.
నీదే.
"నాది ఇంత కొత్తగా ఎప్పుడుండె?
సెకండు హ్యాండులో కొంటి గదా."

ఆ రాత్రి నుంచి నా పని చెడగొట్టడం.
గీత పడితే కూలి పోయే బతుకు నాది,
నలభై ఏండ్లు అట్లా కాపాడుకొచ్చిన చేతులతో
ఇప్పుడు గీతలు పెట్టాల.
అతను స్టూలు మీద కూర్చొని చెప్తాడు.
మైదుకూరు సంతకాడ ఎద్దు కొమ్ము.
జమ్మలమడుగు బస్టాండులో ఆటో రాసుకున్నది, దాని పచ్చరంగుతో సహా.
కుడి వెనక తలుపు వేరే బండిది, వేరే తెలుపు.
ముద్దనూరు రోడ్డు మట్టి పొట్లం కట్టుకొచ్చినాడు.
చీరముక్కలో రెండుసార్లు జల్లించి
కుంచెతో చక్రాల వెనక అద్దినాను.
అన్నీ చిన్నవైనాయి గానీ
మట్టి ఒక్కటే మాట వినలేదు,
ఎంత జల్లించినా రాళ్ళ మాదిరే కనపడింది.

చివరిరోజు, వెనక సీటు చూసి,
"ఎడమపక్క కొంచెం కుంగల్ల" అన్నాడు.
ఎంత?
వేళ్ళతో చూపబోయి మానుకున్నాడు.
"వారానికి రెండు తూర్లు. కడప ఆస్పత్రికి.
నాలుగేండ్లు."

ఎవరని అడగలేదు.
సొరుగు లాగి,
మా తాత తూకం వేసిన గురివింద గింజ ఒకటి తీసి
రెగ్జిను మీద పెట్టి
బొటనవేలితో నొక్కి పట్టినాను.
గింజ తీసేసినా గుంట నిలిచింది.

ఓబులేసు ముఖం కిటికీ అంత దగ్గరకు తెచ్చి
చాలాసేపు చూసినాడు.
"ఇంగ కొంచెం తలుపు పక్కకు జరుపు, ఆచారీ.
బయటికి చూస్తాండె."