ఒంటిగొట్టం

కోటగుమ్మం దాటాక రెండో సందులో
చేతిగడియారాల కొట్టు పక్కన
బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయిన షాపు.
గఫార్ సాయిబుగారు అద్దాల బల్ల మీద
ముదురాకుపచ్చ గుడ్డ పరిచి
ఒక్కొక్కటీ తీసి పెట్టారు,
నిద్రపోతున్న పిల్లల్ని పక్క మార్చినట్టు.

"ఎవరికండీ?" అన్నారు.
"నాకేనండీ."
నా గాజులు చూసి, వేళ్ళు చూసి
చిన్నదాన్ని ముందుకు జరిపారు.

మొగల్తూరు అవతల ఎనిమిదెకరాల చెరువులు నావి, కౌలువి.
రొయ్యని అరచేతిలో వేసుకుంటే
ముప్పై కౌంటో నలభయ్యో
కాటా కన్నా ముందే చెబుతాను.
ఈ ఇనుముని అదే అరచేతిలో వేసుకుంటే
ఏమీ తెలీలేదు.
"కిలోకి తక్కువేనమ్మా" అన్నారాయన.

లైసెన్సు కాగితంలో ఒక గడి ఉంది:
ప్రాణభయం ఎవరివల్ల.
అక్కడ పెన్ను ఆగిపోయింది నాకు.
వల కోసుకుపోయినవాడి మొహం చూళ్ళేదు.
గట్టు మీద చెప్పు మాత్రం దొరికింది, ఎడమకాలిది,
తెగిన వారుకి పిన్నీసు పెట్టుకున్న చెప్పు.
పట్టుబడి డబ్బు ఇంట్లో ఉన్న రాత్రి
ఎవరో కిటికీ ఊచ పట్టుకుని ఊపారు.
"గుర్తు తెలియని వ్యక్తులు" అని రాశాను,
పేపరువాళ్ళ మాట అప్పు తెచ్చుకుని.

"ఇందులో ఆరు పడతాయి.
దిండు కింద పెట్టుకోవచ్చు.
నిద్రలో చెయ్యి వేసినా సిద్ధంగా ఉంటుంది."

నిద్రలో చెయ్యి. సిద్ధంగా.
ఆ రెండు మాటలూ
ఒక బెంచీ మీద కూర్చోలేదు.

చెరువులున్న ఇంట్లో
రాత్రి రెండింటికి తలుపు కొట్టేది
ఏసుపాదమండీ.
కరెంటు పోయింది, డీజిలు ఇంజను అందుకోవట్లేదు,
ఏరియేటర్లు ఆగిపోయాయి,
రొయ్యలు తేలి గట్టు అంచుకి వచ్చేస్తున్నాయి.
ఇంతా చెప్పడానికి ఊపిరి చాలక
రెండు చేతులా బాదుతాడు,
విరగ్గొట్టడానికే వచ్చినవాడిలా.
తలుపు తెరవడం ఆలస్యమైతే
పెరటివైపు తిరిగొచ్చి
కిటికీ ఊచ పట్టుకుని ఊపుతాడు.

ఆ రాత్రి నువ్వేనా అని
ఇప్పటిదాకా అడగలేదు.

గుడ్డ మీద ఆ చిన్నది మెరుస్తూనే ఉంది.
"ఆలస్యమయ్యేది చూపించండి" అన్నాను.
నలభై ఏళ్ళ వ్యాపారంలో
ఆ బేరం ఎవరూ ఆడి ఉండరు.
రెండుసార్లు అడిగించుకుని, వెనక గదిలోంచి తెచ్చారు:
ఒంటిగొట్టం, పాతది, కొయ్య మీద చెద నాకిన మచ్చ,
ఎవరో పోతే వారసులు వద్దనుకున్నది.
నడుం విరిచి, ఒక్క తూటా పెట్టి,
మూసి, గుర్రం వెనక్కి లాగితే గానీ పలకదు.

"దొంగ ఆగుతాడా అమ్మా అంతసేపు?"
"దొంగ ఆగడండీ. ఏసుపాదం ఆగుతాడు."

అక్కడే కొలుచుకున్నాను.
విరవడానికీ మూయడానికీ మధ్య
"ఎవరదీ" అని రెండుసార్లు అనొచ్చు,
తొందరపడితే మూడు.
"ఆయ్, నేనేనమ్మా" అన్నది వినబడడానికి
ఇంకా కాస్త చోటు మిగుల్తుంది.

ఆయన నవ్వలేదు.
బిల్లు రాయడం ఆపి, టీ తెప్పించారు.

ఇప్పుడది ఇంట్లో లేదు.
ఎలక్షన్లట, లైసెన్సున్నవన్నీ స్టేషన్లో అప్పజెప్పాలట.
ఎవరికి ఎవరి మీద ఎంత కోపం వచ్చినా
ఈ రెండు నెలల్లోనే కదా, అంటే
రైటరుగారు రశీదు చింపి ఇచ్చారు.
మెడకి నంబరు అట్టముక్కతో
ఏ బీరువాలో నిలబడిందో,
దాని పక్కన ఎవరి క్యారియరు ఉందో.
రశీదు మేత లెక్కల పుస్తకంలో దాచాను.

నిన్న రాత్రి గాలి. కరెంటు పోయింది.
తలుపు మోగింది.
చీకట్లో నా చేతులు వాటంతటవే
లేనిదాని నడుం విరిచాయి.
"ఎవరదీ" అన్నాను.
"ఎవరదీ."

"ఆయ్, ఇంజను అందుకోవట్లేదమ్మా."
టార్చి వెలుతురు ముందు కాళ్ళ మీద పడింది.
చెప్పుల్లేవు.
ఎప్పట్నుంచి లేవో ఆలోచించే టైము కాదది.
ఇద్దరం చెరువు వైపు పరిగెత్తాం.