మూడో బ్లాకు, పదకొండో వరస

సీలా ఊరికి పైన, యాకిమా లోయ అంచున,
చెట్టంతా ఇంకా పచ్చిగానే ఉంది
ఆగస్టు పొగలో, కొండల అవతల
అడవి తగలబడుతున్న వాసనలో.
ఒక్క కొమ్మ మాత్రం
పదిరోజుల ముందే ఎర్రబడి కూర్చుంది,
శుభలేఖలో తేదీ తప్పు చదువుకుని
ముందుగానే దిగిన చుట్టంలా.

ముందు చూసింది ఎలాడియో.
ఎవరైనా తెలీక కత్తిరించేస్తారని
మెడలో నీలం జేబురుమాలు విప్పి
ఆ కొమ్మకి కట్టాడు.
ఇరవై రెండేళ్ళుగా ఈ తోటలోనే.
ఏ చెట్టు ఏ ఏడు అలిగిందో
నిచ్చెన దిగకుండానే చెప్తాడు.

నేను లాబ్ నించి వచ్చాను,
సంచులు, లేబుళ్ళు, ఐసుపెట్టె పట్టుకుని.
తోట వెండెల్ హాగెన్‌ది.
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని అడిగాడు:
"ఏమైంది దీనికి?"

ఎప్పుడో, ఈ కొమ్మ ఇంకా
నూగుగింజంత మొగ్గయినా కానప్పుడు,
ఒక కణం రెండవుతూ
తన రాతని తిరగరాసుకుంటుంటే
ఒక అక్షరం జారింది.
దిద్దేవాళ్ళు చూడలేదు.
దాని పిల్లలూ, పిల్లల పిల్లలూ
ఆ తప్పునే ఎక్కంలా
శ్రద్ధగా అప్పజెప్పుకుంటూ
ఇంతదూరం పెరిగాయి.

నాలుక చివర తెలుగు ఒకటి ఆడుతోంది:
కాలంలో దీర్ఘం ఊడితే కలం మిగుల్తుంది,
అదీ మాటే, దానికీ అర్థముంది, అని.
దీర్ఘమంటే ఏమిటో ఆయనకెక్కడ చెప్పను?
"కాపీ చేసుకోడంలో పొరపాటు" అన్నాను.
"ఎవరిది?"
"ఎవరిదీ కాదు."
ఈ జవాబు ఆయన ఇదివరకే
ఇంకెవరి నోటో విన్నట్టున్నాడు.
దవడ ఒకసారి కదిలి ఆగింది.

"మంచి పొరపాటే" నవ్వాడు ఎలాడియో,
"ముందు పండితే ముందు లారీ."

ఒక పండు కోశాను.
ముగ్గురం తిన్నాం.
రంగే గానీ రుచి పాతదే,
నిజం చెప్పాలంటే కాస్త చప్పన.
అయిదు గదుల్లో గింజలు
ఇంకా సగం తెల్లగా.
వెండెల్ ఒకదాన్ని గోటితో పెకలించి
అరచేతిలో పెట్టుకున్నాడు.
"ఇందులోకి దిగుతుందా అది?"

చెప్పాను. మొగ్గలో పొరలుంటాయి,
మార్పు పైపొరలో జరిగినట్టుంది,
గింజ పుట్టేది దాని కిందపొర నించి.
తొక్కకి జరిగింది గింజకి తెలీదు.
చాలామటుకు.

"చాలామటుకు" అన్నాడాయన,
ఆ మాటని చేత్తో తూచినట్టు.

అప్పుడు గుర్తొచ్చింది.
పొద్దున సంతకం కోసం వెళ్ళిన ఆఫీసుగదిలో
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద
సియాటిల్ ఆసుపత్రి కవరు,
కూతురు మారిట్ పేరుతో, తెరవనిది.
పక్కనే కొక్కేనికి లోరెయిన్ గడ్డిటోపీ.
ఫిబ్రవరి నించీ దాన్నెవరూ తియ్యలేదట.

ఆయన ఆపిల్ గురించి అడగలేదు.
నేను ఆపిల్ గురించే చెప్పాను.
ఇంకేదైనా చెప్పడానికి
నా ఐసుపెట్టెలో ఏముంది?

ఎనిమిది పుల్లలు కోసి
తడికాయితంలో చుట్టాం, అంటు కట్టడానికి.
ఫారంలో 'మొదట గుర్తించినవారు' అన్నచోట
వెండెల్ నిదానంగా, ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ
ఎలాడియో బర్రగాన్ అని రాశాడు.
'రకం పేరు' దగ్గర కలం ఆగింది.
తర్వాత చూద్దాం, అన్నాడు.

ఎలాడియో రుమాలు విప్పబోయి,
ఉండనీలే అనుకుని,
ముడి ఇంకొంచెం బిగించాడు.

నేను కారు వెనక్కి తిప్పుతూ చూశాను.
వెండెల్ ఆ గింజని పారెయ్యలేదు.
చొక్కాజేబులో వేసుకుని
బొత్తాం పెట్టుకుంటున్నాడు.