ఏడు పైసలు

రాత్రి రెండింటికి బట్టలుతికే మిషను నన్ను లేపింది.
కుయ్యి కుయ్యిమని మూడుసార్లు.
కొత్త వెర్షన్ వచ్చిందట, వైఫై కావాలట.
మెట్టుగూడ మొత్తం నిద్రపోతోంది.
రైల్వే క్వార్టర్ల వెనక గూడ్సు బండి ఒకటి
ఏ అప్‌డేటూ అడక్కుండా వెళ్ళిపోయింది.

ముప్ఫై నాలుగేళ్ళు ప్రోగ్రాములు రాశాను.
ఎస్తేరుకి కోపమెక్కువ అని పేరు కూడా తెచ్చుకున్నాను.
అయినా అడుగుతాను:
చొక్కా మురికి పోవడానికి ఇంటర్నెట్ దేనికి?
టార్చిలైటు వెలగడానికి
మా చిన్నత్త ఫోన్ నంబరు దేనికి?

నిన్న ఎడమ పక్కనున్న బటన్ ఇవాళ లేదు.
ఎవరో రాత్రిపూట వంటింట్లో దూరి
పోపులపెట్టె అటకెక్కించి,
ఉప్పు డబ్బాకి రంగుల బొమ్మ అతికించి
"మీ అనుభవాన్ని మెరుగుపరిచాం" అని చీటీ పెట్టి పోయినట్టు.
నా అనుభవం నాకుంది నాయనా.
దాన్ని ముట్టుకోకు.

సికింద్రాబాదులో, ఎనభై నాలుగులో,
మా కంప్యూటరు గదంతా ఉండేది, బుర్ర మాత్రం పిడికెడు.
ఆ పిడికెట్లోనే పద్నాలుగు వేలమంది జీతాలు,
పండగ అడ్వాన్సులు, సొసైటీ కోతలు,
ఒకటో తారీకుకి తేలాలి.
బియ్యంలో రాళ్ళేరినట్టు అక్షరాలేరేవాళ్ళం.
ఇప్పుడు టైము చూపించే గడియారానికే
అంతకి పదివేల రెట్ల చోటు చాలట్లేదు.

అలాగని అవి బంగారు రోజులనను.
ఏసీ యంత్రానికి, మాకు కాదు.
ఏడో నెల కడుపుతో శాలువా కప్పుకుని
కార్డుల ట్రేలు మోశాను. ఒకసారి మెట్లమీద జారితే
రెండువేల కార్డులు చెల్లాచెదురు.
పిల్ల క్షేమమే. వరస కలపడానికే రెండు రోజులు.
ఏడాదిని రెండంకెల్లో కుక్కింది కూడా మేమే,
జాగా మిగుల్తుందని.
ఆ మిగులంతా వడ్డీతో కట్టాం తర్వాత.
తొంభై తొమ్మిది క్రిస్మస్ కేకు ఆఫీసులోనే కోశాం,
పక్కన ప్రింటౌట్ల గుట్ట.

మెచ్చుకోవడం రాదనుకోకండి.
ఆలుగడ్డ బావి దగ్గర జామకాయల బండిమీద
చిన్న స్పీకరు "ఇరవై రూపాయలు అందినవి" అంటే
నాకు ముద్దొస్తుంది.
యాదమ్మకి చదువు రాదు, వింటుంది.
అది రాసినవాడెవడో
యాదమ్మ చెవిని తలుచుకుని రాశాడు.

మొన్న ఫోను చచ్చిపోతే జగదీష్ మార్కెట్‌కి పోయాను.
బ్యాటరీ మార్చమంటే జహంగీర్ భాయ్ తిప్పి తిప్పి చూశాడు.
"స్క్రూలే లేవమ్మా, పూరా జిగురే."
విప్పడానికి వీల్లేనిదాన్ని
కొన్నాననాలా, అద్దెకి తెచ్చుకున్నాననాలా?

పై వాటాలో ఉంటాడు శ్రీకర్, రాయదుర్గంలో పని.
బిల్లు యాపులో మూడు రూపాయలు ఎక్కువ పడ్డాయని చూపిస్తే
నవ్వాడు. "రౌండింగ్ ఆంటీ. కంప్లైంట్ కొడితే టికెట్ అవుతుంది."
ఆ టికెట్టు ఎవరి దగ్గరికి పోతుంది?
కాసేపు ఆలోచించాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు.
"క్యూలోకి" అన్నాడు.

అప్పుడు చెప్పాను వాడికి కొమురయ్య సంగతి.
కాజీపేట సెక్షన్లో గ్యాంగ్‌మన్. జీతం చీటీ పట్టుకుని
మా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాడు.
ఏడు పైసలు తక్కువొచ్చినయ్ అమ్మా.
గుమాస్తాలు నవ్వారు. ఎవరో పది పైసల బిళ్ళ బల్లమీద పెట్టారు.
తీసుకోలేదు.
"పైసల కోసం రాలే. లెక్క కోసం వచ్చిన."
ఆ రాత్రి ఇంటికి పోలేదు నేను. తెల్లారుతుండగా దొరికింది,
పన్నెండు వందల వరసల్లో ఒక వరస, నా చేతిదే,
అందరి చీటీల్నీ నెలనెలా కొరుకుతోంది ఎలకలాగ.

దిద్దాను.
పై నెల కొమురయ్య మళ్ళీ కిటికీ దగ్గర.
ఇంకేం తప్పొచ్చిందోనని నా గుండె జారింది.
చీటీ చూపించాడు. అంతా సరిగ్గానే ఉంది.
ఊరికే,
లెక్క రాసే మనిషిని ఓసారి చూసిపోదామని వచ్చాడట.