ఆరినంక చూడు

ఒకే రంగు, మూడు నిమిషాలు, మాటలుండొద్దు:
రెండో సెమిస్టర్ అసైన్‌మెంట్.
నేను పసుపు అనుకున్న.

పత్తర్‌గట్టి గల్లీల సత్తార్ చాచా
మరిగే గంజుల దుపట్టా ముంచి తీస్తుంటే
కెమెరా దాన్ని నారింజ అన్నది.
వైట్ బ్యాలెన్స్ మార్చిన.
ఈసారి నిమ్మకాయ.

స్క్రీన్‌లకు తొంగి చూసి నవ్విండు చాచా:
"తడి మీద రంగు అబద్ధమాడ్తది బేటీ,
ఆరినంక చూడు."

ఆరబెట్టే పిల్లగాడు చాయ్‌కి పోయిండు.
కెమెరా స్టూలు మీద పెట్టి
రెండో కొస నేనే పట్టిన.
నడి రోడ్డు మీద ఊపుతుంటే
కిందికెళ్ళి ఒక స్కూటర్ తల వంచుకొని దూరిపోయింది.
బట్ట ఆరకముందే
బ్యాటరీ అయిపోయింది.

ఎడిటింగ్‌ల ఏ రంగూ దిద్దలే.
"ఇందులో పసుపేది?" అన్నది మేడమ్.

ఇంకా ఆరలే మేడమ్, అన్న
గోళ్ళు బెంచీ కింద దాచుకుంట.